తేయాకు తోటల కన్నీరు కథగా రాసిన పుదుమైపిత్తన్

తమిళ కథ గురించి మాట్లాడితే ఎవరైనా మొదట తలచుకునే పేరు పుదుమైపిత్తన్. మనకి శ్రీపాద, చాసో ఎలాగో వాళ్ళకి ఆయన అలాగ. బతికింది నలభై రెండేళ్ళే. ముమ్మరంగా రాసింది పన్నెండు, పదమూడేళ్ళకి మించదు. ఆ కాస్త కాలంలోనే వంద కథలు, యాభై దాకా అనువాదాలు, పత్రికల్లో ఉద్యోగం, సినిమాలకి మాటలు... ఇన్ని చేసి, ఇంటివాళ్ళకి ఏమీ మిగల్చకుండా వెళ్ళిపోయారు.

ఆ కథల్లో మనం తప్పక తెలుసుకోవలసింది ఒకటుంది. పేరు 'తున్బక్కేణి'. అంటే దుఃఖపు బావి. పొట్ట చేత్తో పట్టుకుని సముద్రం దాటి సిలోన్ తేయాకు తోటలకి వెళ్ళిన ఒక దళిత స్త్రీ కథ. 1935లో అచ్చయింది. సిలోన్, మలయా, ఫిజీ అంటూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన తమిళ కూలీల బతుకుల గురించి ఆ తర్వాత ఎన్నో నవలలు, కథలు వచ్చాయి. వాటన్నిటికీ ముందు వరసలో నిలబడేది ఈ కథ. దాన్ని రాసినాయన జీవితం చూస్తే, ఇల్లు వదిలి బతుకుతెరువు కోసం పోవడమన్నది ఆయనకి ఎవరో చెప్పగా విన్న విషయం మాత్రమే కాదనిపిస్తుంది.

అసలు పేరు వృద్ధాచలం. 1906 ఏప్రిల్ 25న కడలూరు దగ్గర తిరుప్పాదిరిప్పులియూరులో పుట్టారు. తండ్రి చొక్కలింగం పిళ్ళె రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తాసిల్దారు దాకా వెళ్ళారు. తల్లి పర్వతత్తమ్మాళ్. పిల్లవాడికి ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ పోయారు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. బదిలీల మీద బదిలీలు, ఊరు మారితే బడి మారడం, ఇంట్లో చూస్తే కన్నతల్లి లేదు. అలాంటి ఇంట్లో పిల్లలు ఎలా పెరుగుతారో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆయన పుస్తకాల్లో తల దాచుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత సొంతంగా ఒక సినిమా కంపెనీ పెట్టినప్పుడు దానికి పెట్టుకున్న పేరు 'పర్వతకుమారి'.

తండ్రి ఉద్యోగం అయిపోయాక సొంతూరు తిరునెల్వేలి చేరారు. అక్కడి హిందూ కాలేజీలో 1931లో బి.ఏ. పూర్తయింది. కొడుకు సర్కారు కొలువులో చేరాలని తండ్రి పట్టుదల. కొడుక్కేమో కథల పిచ్చి. ఆ రెండూ ఒక ఇంట్లో ఇమడలేదు.

తిరునెల్వేలి గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. ఆ జిల్లా రేవు తూత్తుకుడి. అక్కడ ఓడ ఎక్కితే కొలంబో. చిదంబరం పిళ్ళె ఇంగ్లీషు ఓడలకి పోటీగా స్వదేశీ ఓడల కంపెనీ పెట్టింది ఆ దారి మీదే, అదీ ఈయన పుట్టిన 1906లోనే. పంటలు పోయినప్పుడు, అప్పులు మెడకి చుట్టుకున్నప్పుడు ఆ వైపు పల్లెల్లో మాలమాదిగ వాడల నుంచి జనం లంక దారి పట్టేవాళ్ళు. మన కోస్తాలో 'రంగం పోయాడు' అంటే బర్మా రంగూన్‌కి కూలికి పోయాడని అర్థం కదా, అలాగే వాళ్ళకి లంక. అన్నట్టు ఆ లంక తోటలకి వెళ్ళిన వాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. మా అమ్మ వాళ్ళ తరానికి సిలోన్ అంటే రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు, దాని వెంట తెలుగు పాటలు. అదే సిలోన్ కొండల మీద ఏం జరిగిందో ఆ రేడియో చెప్పలేదు.

తోటలకి మనుషుల్ని తెచ్చేవాడు కంగాణీ. వాడూ ఆ ఊరివాడే, తరచు ఆ కులంవాడే. మంచి బట్టలు కట్టుకుని వచ్చి, అక్కడ డబ్బులు చెట్లకి కాస్తాయన్నట్టు చెప్పి, చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. ఆ అడ్వాన్సుకి దారి ఖర్చులు, తిండి ఖర్చులు కలిసి, తోటలో అడుగు పెట్టేసరికే కూలి నెత్తిన అప్పు కూర్చునేది. అప్పు తీరిందని రాసిన చీటీ ఉంటేనే ఇంకో తోటలో పని. ఆ చీటీని 'తుండు' అనేవారు. 1921లో ఆ పద్ధతి రద్దయింది కానీ అప్పు రద్దు కాలేదు. తొలి రోజుల్లో, కాఫీ తోటల కాలంలో, మన్నార్ దగ్గర పడవ దిగి అడవుల్లో రోజుల తరబడి నడిచి కొండలెక్కేవారట. ఆ దారిలో జబ్బులతో రాలిపోయిన వాళ్ళకి లెక్కలేదు. తర్వాత ధనుష్కోటి నుంచి తలైమన్నార్‌కి 1914లో ఓడలు మొదలయ్యాయి. మండపం క్యాంపులో వైద్య పరీక్షలు చేసి, కొన్నాళ్ళు నిలిపి ఉంచి, అప్పుడు పంపేవారు.

ఇక కొండ మీద కాపురం. వరసగా కట్టిన గదుల్ని 'లయం' అంటారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. వంట అందులోనే, పడక అందులోనే, పురుడు కూడా అందులోనే. తెల్లారకముందే లేచి, పిల్లల్ని ఆయాకి అప్పగించి, వీపున గంప వేసుకుని ఆకు కొయ్యడానికి వెళ్ళాలి. వాన పడినా, జలగలు పట్టినా ఆగడానికి లేదు. తేయాకు తోటలో కోతపని ప్రధానంగా ఆడవాళ్ళదే. అయినా సర్కారు కనీస కూలి చట్టం చేసినప్పుడు ఆడదాని కూలి మగవాడి కంటే తక్కువగానే నిర్ణయించింది. పోనీ ఆ కూలైనా ఆమె చేతికి వచ్చేదా అంటే, చాలా చోట్ల మొగుడి చేతికే ఇచ్చేవారు. మనం పొద్దున్నే పొగలు కక్కుతున్న కప్పు పట్టుకుని పేపరు చదువుతాం చూడండి, ఆ కప్పు వెనక ఇంత కథ ఉంది.

మళ్ళీ ఆయన దగ్గరికి వద్దాం. చదువయ్యాక కమలతో పెళ్ళయింది. ఆవిడ పుట్టిల్లు తిరువనంతపురం. తండ్రితో పొసగక ఆయన మద్రాసు దారి పట్టారు. 1933లో మద్రాసులో 'మణిక్కొడి' అనే పత్రిక మొదలైంది. తమిళంలో కొత్త కథకి అదే పుట్టిల్లు. వృద్ధాచలం అన్న పేరు పక్కన పెట్టి పుదుమైపిత్తన్ అన్న కలం పేరుతో అందులో రాశారు. కొత్తదనం అంటే పిచ్చి ఉన్నవాడు అని ఆ పేరుకి అర్థం. నిజంగానే పిచ్చి. అప్పటిదాకా తమిళ కథల్లో వినపడని తిరునెల్వేలి యాస, మురికివాడలు, ఆకలి, వెటకారం అన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. చదివినవాళ్ళు సగం మంది మురిసిపోయారు, సగం మంది ముక్కు మూసుకున్నారు.

'తున్బక్కేణి' ఆ మణిక్కొడిలోనే వచ్చింది. పేరు ఆయన సొంతం కాదు. ఫిజీ చెరకు తోటల్లో నలిగిపోతున్న ఆడవాళ్ళని తలచుకుని సుబ్రహ్మణ్య భారతి రాసిన పాటలో ఉన్న మాట అది. భారతి ఫిజీ కోసం ఏడ్చారు. ఈయన ఆ మాట తీసుకుని తన జిల్లా పల్లెకి, పక్కనున్న లంకకి తెచ్చి కథ చేశారు.

కథలో ఊరు వాసవన్‌పట్టి. వెళ్ళైయన్, మరుది అనే దంపతులు. పెత్తందారు పొలంలో పని, పెత్తందారు దయ మీద బతుకు. వెళ్ళైయన్ జైలు పాలవుతాడు. మరుది నిండు వయసులో దిక్కులేనిది అవుతుంది. ఊళ్ళో బతకలేక లంక తోటకి వెళ్తుంది. అక్కడ ఆకు కోసే చేతులతో పాటు ఆమె ఒంటి మీద కూడా తమకి హక్కు ఉందనుకునే దొరలు, వాళ్ళకి దారి చూపించే మన మనుషులు. ఆమెకి మిగిలింది జబ్బు. కథ ఆమెతో ఆగదు, కూతురి తరం దాకా నడుస్తుంది.

ఇందులో నన్ను పట్టుకున్నది ఏమిటంటే, దొర ఒక్కడే దుర్మార్గుడని రాసి ఆయన చేతులు దులుపుకోలేదు. 1935లో అలా రాస్తే అందరూ మెచ్చుకునేవారే, స్వాతంత్ర్య పోరాటం వేడిగా ఉన్న రోజులు కదా. ఆయన మాత్రం ఊళ్ళోని పెత్తందారు దగ్గర మొదలుపెట్టి, కంగాణీ మీదుగా దొర దాకా ఒకే తాడు లాగి చూపించారు. మరుదిని లంక మింగలేదు, మన ఊరే మొదట ఉమ్మేసింది. వలస పోయినవాళ్ళ కథలు చాలావరకు ఓడ ఎక్కిన దగ్గర మొదలవుతాయి. ఓడ ఎందుకు ఎక్కవలసి వచ్చిందో చెప్పే కథలు తక్కువ.

వలస అంటే సముద్రమే దాటనక్కర్లేదని కూడా ఆయనకి తెలుసు. 'పొన్నగరం' అన్న చిన్న కథలో మద్రాసు మురికివాడలో ఉండే మిల్లు కూలి అమ్మాళు, మంచాన పడ్డ మొగుడికి పాలు కొనడం కోసం చీకట్లో తనని తాను అమ్ముకుంటుంది. 'చెల్లమ్మాళ్' కథలో బతకడానికి తిరునెల్వేలి వైపు నుంచి మద్రాసు వచ్చిన ఒక బట్టల కొట్టు గుమాస్తా, అయినవాళ్ళెవరూ లేని ఊళ్ళో జబ్బు భార్యకి తనే సేవ చేస్తాడు. వండి పెడతాడు, ఒళ్ళు తుడుస్తాడు. ఆవిడకి ఒకటే కోరిక, ఒక్కసారి సొంతూరు వెళ్ళాలని. వెళ్ళకుండానే పోతుంది. ఇన్నేళ్ళ తర్వాత చదివినా ఆ కథ గుండెని పిండేస్తుంది. మొగుడు భార్యకి సేవ చేసే కథలు మన భాషలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్క పెట్టుకోండి.

అహల్య కథని తిరగరాసిన 'శాపవిమోచనం' గురించి కూడా ఒక్క మాట. రాముడి పాదం సోకి అహల్య మనిషి అవుతుంది. ఆ రాముడే సీతని అగ్నిలో దూకమన్నాడని తర్వాత విని, మళ్ళీ రాయి అయిపోతుంది. 1943లో ఈ కథ రాస్తే ఎంత గోల జరిగి ఉంటుందో ఊహించుకోండి!

ఇంతమంది ఆడవాళ్ళ మనసు రాసినాయన ఇంట్లో ఆడమనిషి సంగతేమిటి? అడక్కుండా ఉండలేం కదా. 'దినమణి' పత్రికలో ఉద్యోగం దొరికింది కానీ జీతం నెలాఖరు దాకా వచ్చేది కాదు. కాపురం మద్రాసులో కొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు కమల పుట్టింట్లో. ఆయన మద్రాసు నుంచి ఉత్తరాలు రాసేవారు. కమలని కన్నమ్మా, కంటిపాపా అన్నట్టు ముద్దుగా పిలుస్తూ రాసిన ఆ ఉత్తరాలు తర్వాత 'కణ్మణి కమలావుక్కు' అని పుస్తకంగా వచ్చాయి. డబ్బు పంపుతాననడం, పంపలేకపోవడం, త్వరలో ఇల్లు చూసి తీసుకువెళ్తాననడం... ప్రేమకి లోటు లేదు, లోటంతా మనియార్డరు దగ్గరే. ఉద్యోగం కోసం మొగుడు దూరంగా ఉంటే పుట్టింట్లో రోజులు లెక్కపెట్టే ఆడదాని పరిస్థితి ఎలా ఉంటుందో, గల్ఫ్‌కి మగవాళ్ళని పంపిన మన కరీంనగర్, కడప ఇళ్ళలో ఆడవాళ్ళని అడిగితే చెబుతారు.

1943 ప్రాంతంలో దినమణి సంపాదకుడు టి.ఎస్.చొక్కలింగం యాజమాన్యంతో తగువు వచ్చి బయటికి వచ్చేశారు. ఆయన వెంట పుదుమైపిత్తనూ వచ్చేశారు. ఆ స్నేహధర్మం మెచ్చుకోదగ్గదే. కానీ నెల తిరిగేసరికి అద్దె కట్టవలసిన ఇంటి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుంది? కొన్నాళ్ళు 'దినసరి' పత్రిక, అక్కడా నిలవలేదు. ఇక సినిమాలు. జెమిని వారి 'అవ్వయ్యార్' కథ మీద పని చేశారు, 'కామవల్లి'కి రాశారు. పర్వతకుమారి పేరుతో సొంతంగా సినిమా తీయబోయి చెయ్యి కాల్చుకున్నారు. 1946లో కూతురు దినకరి పుట్టింది.

త్యాగరాజ భాగవతార్ 'రాజముక్తి' సినిమాకి మాటలు రాయడానికి ఆయన పుణె వెళ్ళారు. భార్యని, పసిపిల్లని వదిలి మళ్ళీ దూర దేశం. తెలియని ఊరు, తెలియని భాష, హోటలు తిండి, రాత్రింబవళ్ళు పని. క్షయ అక్కడే ముదిరింది. ఆ రోజుల్లో క్షయకి మందు అప్పుడప్పుడే వస్తోంది, పేదవాడి చేతికి అందేది కాదు. ఎముకల గూడులా తిరువనంతపురం చేరి, 1948లో అక్కడే కన్నుమూశారు. దినకరికి అప్పటికి రెండేళ్ళు.

ఆయన పోయిన ఆ 1948 సంవత్సరమే సిలోన్‌లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. స్వతంత్ర సిలోన్ చేసిన మొదటి పనుల్లో అదొకటి. తోటల్లో తరాలుగా చెమటోడ్చిన సుమారు ఏడు లక్షల మంది తమిళులు ఒక్క చట్టంతో ఏ దేశానికీ చెందనివాళ్ళయిపోయారు. 1964లో సిరిమావో బండారనాయకే, లాల్‌బహదూర్ శాస్త్రి ఒప్పందం రాసుకుని, 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలని, 3,00,000 మందిని సిలోన్ ఉంచుకోవాలని పంచుకున్నారు. మిగిలిన లక్షన్నర మంది సంగతి పదేళ్ళ తర్వాత, 1974లో తేల్చారు. కొబ్బరి చిప్పలు పంచుకున్నట్టు మనుషుల్ని! ఒకే లయంలో అక్కకి ఇండియా, చెల్లికి లంక. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని 'సొంత దేశానికి' ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు నీలగిరి తోటల్లో మళ్ళీ ఆకు కోశారు. ఇక్కడివాళ్ళు వాళ్ళని సిలోన్‌వాళ్ళు అన్నారు. అక్కడ ఉండిపోయిన వాళ్ళకి పూర్తిగా పౌరసత్వం దక్కేలా చట్టం రావడానికి 2003 దాకా పట్టింది.

ఈ రెండో దుఃఖాన్ని రాయడానికి పుదుమైపిత్తన్ లేరు. తోటలు తెలిసినవాళ్ళే కలం పట్టారు. సి.వి.వేలుపిళ్ళె తోటలో పుట్టి, 1947లో పార్లమెంటుకి ఎన్నికై, ఆ చట్టం దెబ్బ కళ్ళారా చూసి కవితలు, నవలలు రాశారు. తెళివత్తై జోసఫ్ రాశారు. వీళ్ళతో పాటు ఒక మహిళ, కోకిలం సుబ్బయ్య. ఆవిడ నవల 'దూరత్తు పచ్చై' 1964లో వచ్చింది. దూరపు పచ్చదనం అని అర్థం. మన దూరపు కొండలు నునుపు సామెత గుర్తొస్తుంది కదూ. ఆ తర్వాత 1983 అల్లర్లతో ఇంకో వలస, ఈసారి జాఫ్నా వైపు వాళ్ళు, కూలికి కాదు, ప్రాణం దక్కించుకోవడానికి. పారిస్ చేరిన శోభాశక్తి 2001లో 'గొరిల్లా' నవల రాశారు. అది వేరే కథ, ఇంకోసారి చెప్పుకోదగ్గంత పెద్దది.

2002లో తమిళనాడు ప్రభుత్వం పుదుమైపిత్తన్ రచనల్ని జాతీయం చేసింది. ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 2014లో మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయం 'తున్బక్కేణి'ని, 'పొన్నగరం'ని పాఠ్యాంశాల నుంచి తీసేసింది. దళితుల్ని కించపరిచేలా ఉన్నాయని అభ్యంతరాలు వచ్చాయి. రచయిత సంఘాలు తప్పుపట్టాయి, చర్చ జరిగింది.

దీని మీద నాకు రెండు మాటలూ తోస్తాయి. ఆయన వెళ్ళాళ కులస్థుడు, తాసిల్దారు కొడుకు. మరుది వాడని ఆయన బయట నుంచి చూశారు. ఆయన వాడిన కొన్ని మాటలు ఈనాడు చెవికి ములుకుల్లా గుచ్చుకుంటాయి. గుచ్చుకున్నవాళ్ళని ఓర్చుకోమనడానికి మనమెవరం? అయితే ఆ కథ తీసేస్తే క్లాసులో మరుది కూడా ఉండదు. ఊళ్ళో పెత్తందారు, కంగాణీ, దొర ముగ్గురూ ఒకే తాడు పట్టుకున్నారన్న మాటా ఉండదు. నాకైతే పుదుమైపిత్తన్ కథ పక్కన కోకిలం సుబ్బయ్య నవల, తోటల్లో పుట్టినవాళ్ళ రచనలు, దళిత రచయిత్రుల రచనలు పెట్టి, పిల్లల చేత అన్నీ చదివించి, వాళ్ళనే తగువు పడనివ్వడం మేలనిపిస్తుంది. ఆయనకీ తగువులంటే ఇష్టమే.

ఆయన జీవిత చరిత్ర స్నేహితుడు రఘునాథన్ 1951లోనే రాశారు. కథలు ఎన్నోసార్లు అచ్చయ్యాయి. కమల గురించి మాత్రం చాలామందికి ఉత్తరాలు అందుకున్న భార్యగానే తెలుసు. రెండేళ్ళ పిల్లతో మిగిలిన ఆవిడ ఆ ఉత్తరాలు పోకుండా దాచకపోతే మనకీ సంగతులేవీ తెలిసేవి కావు. ఇంకో సంగతి, ఆవిడ కూడా కథలు రాశారు. కమలా వృద్ధాచలం పేరుతో ఒక సంపుటి వచ్చింది. దాని పేరు 'కాసుమాలై'. మన కాసులపేరు.